పట్టుకున్న గుర్రానికి మేత రేటు ఖరారు చేయండి: కలెక్టర్లకు బహిరంగ లేఖ

దక్షిణ తెలంగాణ జిల్లాల కలెక్టర్లకు, జిల్లా పశుసంవర్ధక అధికారులకు, పోలీసు అధికారులకు,

నమస్కారం.

ఆషాఢం వస్తే, మూఢాలు మొదలైతే పెళ్లి గుర్రాలకు పని ఉండదు. బరాత్‌ల మీద బతికే యజమాని చేతిలో ఆ నెలల్లో పైసలాడవు. గుర్రం మాత్రం రోజూ తినాల్సిందే. ఎముకలు తేలిన గుర్రాలు బైపాస్‌ల పక్కన, చెరువు శిఖాల్లో తిరుగుతూ కనిపించేది ఎక్కువగా ఆ రోజుల్లోనే. ఎవరో ఫోన్ చేస్తారు, పోలీసులు కేసు రాస్తారు, గుర్రాన్ని ఓ షెల్టర్‌కు అప్పగిస్తారు. కేసు ఫైలు కోర్టుకు పోతుంది. గుర్రం షెల్టర్‌లో ఉంటుంది, ఖర్చు కూడా అక్కడే ఉంటుంది. గుర్రం ఇరవై ఐదేళ్లు, ముప్పై ఏళ్లు కూడా బతుకుతుంది. పన్నెండేళ్ల గుర్రాన్ని తీసుకోవడమంటే ఇంకో పన్నెండు, పదిహేనేళ్ల బాధ్యత తలకెత్తుకోవడమే.

ముందు లెక్క చెబుతాం. మన దగ్గర దొరికే పెళ్లి గుర్రం బరువు సుమారు 350 కిలోలు. దానికి రోజుకు ఆరు కిలోల జొన్న చొప్ప, ఆరు కిలోల పచ్చి లూసర్న్ గడ్డి, కిలో దాణా, కాస్త ఉప్పు, సున్నపురాయి పొడి కావాలి. చొప్ప కిలో పది రూపాయలు, లూసర్న్ ఆరు, దాణా నలభై అనుకుంటే, ఉప్పుకు, పొడికి తొమ్మిది కలిపి రోజుకు 145 రూపాయలు. నెలకు 4,350. ఆరు గుర్రాలకు ఒక సాయీసు, అంటే గుర్రాలను చూసుకునే మనిషి, ఉండాలి. అతనికి 16,000 ఇస్తే గుర్రానికి దాదాపు 2,650 పడుతుంది. గిట్టలు కోయించడానికి నెలవారీగా 450, మందులు, టీకాలు, రక్తపరీక్షలకు సగటున 700, పడక, కరెంటు, నీళ్లకు 350. మొత్తం 8,500. ఏడాదికి లక్షా రెండు వేలు. కేసు మూడేళ్లు సాగితే మూడు లక్షలు దాటుతుంది. ఈ ధరలు ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారతాయి. ఇందులో ఆపరేషన్ లేదు, షెడ్డు లేదు, రవాణా లేదు.

ఈ ఖర్చు ఎవరిదో చట్టం చెప్పింది. జంతు హింస నిరోధక చట్టం, 1960లోని 35వ సెక్షన్ ప్రకారం జంతువును తరలించడానికి, మేపడానికి, వైద్యానికి అయ్యే ఖర్చు యజమానే కట్టాలి. ఎంత కట్టాలన్న రేట్ల పట్టికను నిర్ణయించాల్సింది జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టర్లైన మీరే. యజమాని పేదవాడైతే వైద్యం ఖర్చు మాఫీ చేయడానికి కూడా అందులోనే దారి ఉంది. 2017లో కేంద్రం తెచ్చిన కేసు ప్రాపర్టీ జంతువుల (కేసులో పట్టుకున్న జంతువుల) నియమాలు ఇంకో అడుగు ముందుకేశాయి. జంతువును అప్పగించేటప్పుడే స్థానిక పశువైద్యాధికారి చెప్పిన అంచనాను బట్టి కోర్టు మేజిస్ట్రేటు మొత్తం నిర్ణయించి, నిందితుడితో, యజమానితో జామీను బాండు రాయించాలి. మూడు రోజుల్లో బాండు ఇవ్వకపోతే జంతువు మీద హక్కు పోతుంది. బాండు ఉంటే షెల్టర్ పదిహేను రోజులకోసారి అసలు ఖర్చును అందులోంచి తీసుకోవచ్చు.

ఇంత స్పష్టంగా రాసున్నా పని జరగకపోవడానికి కారణం చిన్నది. కోర్టులో అడిగే కాగితం ఉండదు. పశువైద్యాధికారి అంచనా రాయాలంటే ఆయన చేతిలో ఆవుకు, గేదెకు ఉన్నట్టు గుర్రానికి రేటు ఉండదు. తోచిన అంకె రాస్తే ఎదుటి వకీలు దాన్ని ఒక్క ప్రశ్నతో పడగొడతాడు. అందుకే ఈ లేఖ. గుర్రానికి, పొట్టి గుర్రానికి, గాడిదకు, కంచరగాడిదకు వేర్వేరుగా రోజువారీ మేత రేటు, వైద్యం రేటు, కిలోమీటరుకు రవాణా రేటు నిర్ణయించి కలెక్టర్ ఉత్తర్వుగా ఇవ్వండి. దాని నకలు ప్రతి పోలీస్ స్టేషన్‌లో ఉండాలి. మొదటి రిమాండు రోజునే ఫైల్లో ఆ కాగితం కలవాలి. రెండో వాయిదాకు కలిపితే అప్పటికే నెలన్నర మేత షెల్టర్ నెత్తిన పడి ఉంటుంది.

రేటు వేసేటప్పుడు ఆవు రేటునే గుర్రానికీ వాడకండి. ఈ రెండింటి కడుపులు వేరు. ఆవు నెమరు వేస్తుంది, దాని మొదటి పొట్టలోనే గడ్డి పులిసి అరుగుతుంది. గుర్రానికి చిన్న పొట్ట, ఆ తర్వాత పొడవాటి పేగులు. గడ్డి అరిగేది చివరి పేగులో. గుర్రం వాంతి చేసుకోలేదు. అందుకే ఆవుకు అజీర్తి చేసే మేత గుర్రానికి ప్రాణం మీదికి తెస్తుంది.

సాగర్ ఎడమ కాలువ కింద, మిర్యాలగూడ చుట్టుపక్కల వరిగడ్డికి కొదవ లేదు. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లొచ్చాక పాలమూరులోనూ వరి పెరిగింది. పత్తి, వరి పెరిగిన చోటల్లా జొన్న తగ్గింది, చొప్ప ప్రియమైంది. అందుకే దాతలు ప్రేమగా పంపేది వరిగడ్డి ట్రాక్టర్లే. తీసుకోకపోతే వాళ్లకు కోపం. ఒక్క వరిగడ్డి మీద గుర్రం బతకదు. అందులో మాంసకృత్తులు తక్కువ, ఇసుక లాంటి సిలికా ఎక్కువ. ముతకగా ఉంటుంది, నీళ్లు తక్కువైతే పేగులో గట్టిపడి అడ్డం పడుతుంది. హార్వెస్టర్ కోశాక తడి ఆరకముందే బేళ్లు కట్టిన గడ్డిలో బూజు ఉంటుంది. ఆ దుమ్ముకు గుర్రాలకు ఆయాసం పట్టుకుంటుంది. ఇవ్వక తప్పకపోతే మొత్తం మేతలో మూడో వంతు దాటకుండా, నీళ్లలో తడిపి ఇవ్వాలి.

దాణాలో తవుడు ఎక్కువైతే ఇంకో ఆపద. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. దానికి తోడు సూపర్ నేపియర్ గడ్డి పెడితే అందులోని ఆగ్జలేట్లు ఉన్న కాస్త కాల్షియాన్నీ ఒంటికి పట్టనివ్వవు. శరీరం ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది. నెలల తరబడి ఇలా సాగితే గుర్రం ముఖం ఎముకలు ఉబ్బుతాయి, పళ్లు కదులుతాయి, నడక కుంటుతుంది. తక్కువ ఖర్చులో కడుపు నింపుతున్నామనుకునే షెల్టర్లలో ఇది మెల్లగా వచ్చే జబ్బు. కాల్షియం భాస్వరం కంటే తగ్గకుండా, వీలైతే ఒకటిన్నర, రెండింతలు ఉండాలి. లూసర్న్ ఉన్నది అందుకే. లూసర్న్ దొరకని చోట పల్లి పీకాక మిగిలే ఎండు కట్టె మంచి మేత. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు యాసంగి పంట తీశాక చవగ్గా దొరుకుతుంది. వేళ్లకంటిన మట్టిని దులపాలి, బూజు పట్టినదాన్ని పారేయాలి. మట్టి కడుపులో పేరుకుంటే అదే ఒక నొప్పి.

ఊళ్లలో గుర్రాలు చనిపోయే దారులు ఇంకొన్ని ఉన్నాయి. వాటిని మీ సిబ్బందికి చెప్పండి. కోళ్ల దాణాలో కోళ్ల జబ్బు రాకుండా మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు కలుపుతారు. అవి గుర్రం గుండె కండరాన్ని చంపుతాయి, విరుగుడు లేదు. షాద్‌నగర్ చుట్టూ కోళ్ల ఫారాలు ఎక్కువ. మిగిలిన దాణాను ఊరికే ఇస్తామంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. నల్లగొండ, పాలమూరు ఒకప్పుడు ఆముదాలకు పేరుపడ్డ జిల్లాలు. ఆముదం గింజ, ఎరువుగా వాడే ఆముదం చెక్క, రెండూ గుర్రానికి విషమే. మిగతా పశువుల కంటే గుర్రానికి ఆ విషం తొందరగా ఎక్కుతుంది. పశువుల పిడుదులకు కొట్టే అమిట్రాజ్ మందు గుర్రానికి కొడితే పేగుల కదలిక ఆగిపోతుంది. ఆవులకు రోజూ వాడే మందు కదా అని చేతికందింది కొట్టడమే ఇక్కడ జరిగే తప్పు.

ఇక అన్నిటికంటే ముఖ్యం మొదటి పది రోజులు. ఎండిపోయిన గుర్రాన్ని చూడగానే జనం బెల్లం ముద్ద, నానబెట్టిన ఉలవలు, శనగలు తెచ్చిపెడతారు. ఆ ప్రేమతోనే చాలా గుర్రాలు పోతాయి. వారాల తరబడి తిండి లేని శరీరంలోకి ఒక్కసారిగా పిండిపదార్థం, చక్కెర వెళ్తే ఇన్సులిన్ పెరుగుతుంది. రక్తంలోని భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి లాగేసుకుపోతాయి. గుండె, ఊపిరి కండరాలు ఆగిపోతాయి. ఇది మొదటి రోజు జరగదు. మూడో రోజునో ఐదో రోజునో, కోలుకుంటుందనుకునే వేళ జరుగుతుంది.

పద్ధతి ఇదీ. మొదటి మూడు రోజులు నాలుగు గంటలకోసారి, పగలూ రాత్రీ, అరకిలో ఎండు లూసర్న్ మాత్రమే. ఎండుది లేకపోతే వడలిన పచ్చిది రెండు కిలోల చొప్పున. నాలుగో రోజు నుంచి పదో రోజు దాకా ఒక్కో పూట మేత పెంచుకుంటూ, పూటలు తగ్గించుకుంటూ రావాలి. ఆరో రోజుకల్లా ఎనిమిది గంటలకోసారి సుమారు రెండు కిలోలకు చేరుకోవచ్చు. పది రోజులు దాటాక గడ్డి తిన్నంత. దాణా అప్పుడూ వద్దు. నీళ్లు, ఉప్పు ఎప్పుడూ ముందుండాలి. నులిపురుగుల మందు కూడా మొదటి రోజే తాగించకూడదు. ఒళ్లు నిలదొక్కుకున్నాక పశువైద్యుడు చెబితేనే. ఒళ్లు పట్టడానికి నెలలు పడుతుంది, తొందరపెడితే లాభం లేదు. అర్ధరాత్రి రెండు గంటలకు, తెల్లవారుజామున ఆరింటికి మేత వేసే మనిషి కావాలి కాబట్టి ఈ పది రోజులకు సాయీసు ఖర్చు రెండింతలు. రేటులో దీన్ని విడిగా చూపించండి.

కొత్తగా వచ్చిన గుర్రాన్ని కనీసం మూడు వారాలు వేరుగా ఉంచాలి. వేరే బకెట్, వేరే తాడు, ఒళ్లు రుద్దే ఖరారా కూడా వేరే. ముక్కులోంచి చిక్కటి చీమిడి, కాళ్ల మీద వరుసగా గడ్డలు, పుండ్లు ఉంటే గ్లాండర్స్ అనుమానించాలి. ఇది మనుషులకూ అంటుతుంది. చేతి తొడుగులు, మాస్కు లేకుండా ఎవరూ తాకకూడదు. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం కింద దీన్ని వెంటనే ప్రభుత్వానికి తెలపాలి. రక్తం నమూనా హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి వెళ్తుంది. జబ్బు ఖాయమైతే గుర్రానికి వైద్యం చేయరు, నొప్పి లేకుండా చంపాల్సిందే. చుట్టుపక్కల గుర్రాలకు, గాడిదలకు కూడా పరీక్షలు చేస్తారు. ఇంత తెలిసీ పట్టుకున్న గుర్రాన్ని నేరుగా గోశాల కొట్టంలో కట్టేయమంటే మేము ఒప్పుకోం. రక్తం తీసి, చల్లగా ఉంచి, రోజుల్లో పంపే బాధ్యత పశుసంవర్ధక శాఖ తీసుకుంటే క్వారంటైన్ గడువులోనే ఫలితం తెలుస్తుంది.

వానాకాలం చివర్లో జోరీగలు పెరుగుతాయి. వాటితో సర్రా అనే రక్తపు జబ్బు వస్తుంది. జ్వరం వస్తూ పోతూ ఉంటుంది, తింటున్నా చిక్కిపోతుంది, పొట్ట కింద, కాళ్లలో నీరు దిగుతుంది, చివరికి వెనక కాళ్లు తూలతాయి. ఒట్టి ఆకలి అనుకుని మేత పెంచుకుంటూ పోతే గుర్రం దక్కదు. జ్వరం ఉన్నప్పుడు తీసిన రక్తపు చుక్కను సూక్ష్మదర్శిని కింద చూస్తే పురుగు కనిపించే అవకాశం ఎక్కువ. క్వినాపైరమిన్ మందు దొరుకుతుంది. బరువు చూసి, పశువైద్యుడి చేత మాత్రమే ఇప్పించాలి.

కడుపునొప్పికి గంటలే లెక్క. గుర్రం కాలితో నేల గీరుతుంది, డొక్కవైపు తిరిగి చూస్తుంది, పడి దొర్లుతుంది, పేడ ఆగిపోతుంది. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి గాలి, ద్రవం బయటికి తీస్తే చాలా గుర్రాలు బతుకుతాయి. అడ్డం పడిందని తేలితే అదే గొట్టంలోంచి లిక్విడ్ పారఫిన్ పోస్తారు. ఎద్దుకు పోసినట్టు వెదురు గొట్టంతో నోట్లో నూనె, కషాయం పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి గుర్రం న్యుమోనియాతో చస్తుంది. మండల స్థాయి పశువైద్యులకు పశువులు, గొర్రెలు, మేకలు తెలుసు. గుర్రం వాళ్ల చేతికి ఏడాదికోసారి కూడా రాదు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలున్నాయి కదా. జిల్లాకు కనీసం ఒక వాహనంలో గుర్రానికి సరిపడే ముక్కు గొట్టం, చేతిపంపు, ఐదు లీటర్ల లిక్విడ్ పారఫిన్, నరంలోకిచ్చే నొప్పిమందు ఫ్లునిక్సిన్, మత్తుమందు జైలజిన్, టెటనస్ టీకా ఉంచండి. రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాలలో ఇద్దరు ముగ్గురు డాక్టర్లకు గుర్రాల మీద కొద్దిరోజుల శిక్షణ ఇప్పించండి. ఇది పెద్ద ఖర్చు కాదు.

నీళ్ల విషయం నల్లగొండకు వేరుగా చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. మనుషులు తాగే నీళ్లలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటారు. ఆ బోరు నీళ్లే గుర్రం రోజుకు ముప్పై, నలభై లీటర్లు తాగుతుంది. ఎండాకాలంలో అంతకంటే ఎక్కువ. పశువుల పళ్లకు, ఎముకలకు కూడా ఫ్లోరైడ్ చేసే చెడు ఉంది. పళ్లు అరిగిన ముసలి గుర్రం గడ్డిని నమలలేక ముద్దలుగా ఉమ్మేస్తుంది, పళ్లను ఆకురాయితో సరిచేయాల్సి వస్తుంది. అందుకని షెల్టర్‌కు మిషన్ భగీరథ నల్లా ఇవ్వండి. పది గుర్రాలకు రోజుకు ఐదు వందల లీటర్లు చాలు. ట్యాంకు ఎండలో ఉంటే నీళ్లు కాగి గుర్రం తాగడం తగ్గిస్తుంది, కడుపునొప్పి అక్కడే మొదలవుతుంది. ట్యాంకు మీద నీడ వేయించే పని మేమే చేసుకుంటాం.

గిట్టలను ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కోయాలి. వదిలేసిన గుర్రాల గిట్టలు చెప్పుల్లా ముందుకు సాగి ఉంటాయి. ఒక్కసారే మొత్తం కోస్తే లోపలి మాంసం తెగుతుంది, నరాలు పట్టేస్తాయి. మూడు నాలుగు వారాల ఎడంతో కొంచెం కొంచెంగా తేవాలి. గిట్టలు కోసి నాలాలు కొట్టే నాల్బంద్‌లు ఈ జిల్లాల్లో అరుదు, హైదరాబాదు నుంచి పిలిపించాలి. అందుకే అందరి గుర్రాలనూ ఒకే రోజు చేయించుకుంటే రానుపోను ఖర్చు పంచుకోవచ్చు. మొరం నేల మీద, పని లేకుండా ఉండే గుర్రానికి నాలాలు అక్కర్లేదు. ఉన్నవాటిని తీసేయించడమే మేలు.

రవాణా గురించి ఒక మాట. 1978 నాటి జంతు రవాణా నియమాల ప్రకారం లారీకి నాలుగు నుంచి ఆరు గుర్రాలే. ర్యాంపు ఉండాలి, నేల మీద జారకుండా గడ్డి, గోనెలు పరచాలి, మధ్యలో అడ్డుకర్రలు కట్టాలి. 2025లో హైదరాబాదు నుంచి జబల్‌పూర్‌కు తరలిన గుర్రాల్లో కొన్ని చేరిన కొద్ది రోజుల్లోనే చనిపోయి, ఆ వ్యవహారం హైకోర్టుకెక్కింది. ఎండు గుర్రాన్ని పట్టుకున్న రోజే వంద కిలోమీటర్లు పంపకండి. దగ్గర్లోని పశువుల ఆసుపత్రి ఆవరణలో పది రోజులు నిలిపే చోటు చూపిస్తే ప్రాణం నిలుస్తుంది.

కాలు ఎముక విరిగిన గుర్రం విషయంలో ఆలస్యం క్రూరం. అది నెలల తరబడి పడుకుని ఉండలేదు. మూడు కాళ్ల మీద నిలబడితే మిగిలిన కాలి గిట్ట కూడా దెబ్బతింటుంది. చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం పశువైద్యాధికారి ధ్రువీకరిస్తే, మేజిస్ట్రేటు ఉత్తర్వుతో పోలీసు అధికారి ఆ జంతువును బాధ నుంచి విడిపించవచ్చు. రాత్రిపూట, సెలవు రోజున ఆ ఉత్తర్వు ఎవరిని అడగాలో ముందే రాసి ఉంచండి. చనిపోయాక కూడా ఖర్చు ఉంది. 350 కిలోల కళేబరానికి జేసీబీతో ఆరేడడుగుల గొయ్యి, సున్నం, మీదుగా మట్టి. మందుతో చంపిన కళేబరాన్ని కుక్కలకు, రాబందులకు అందనివ్వకూడదు. గొయ్యి బోరుకు, కుంటకు దూరంగా ఉండాలి.

మా అభిప్రాయం ఒకటి నిక్కచ్చిగా చెబుతాం. ప్రతి బక్క గుర్రాన్నీ పట్టుకురావడం మాకిష్టం లేదు. పట్టుకున్న గుర్రానికి ఏడాదికి లక్ష అవుతుంది. అదే గుర్రం యజమాని దగ్గర ఉండగానే ఆషాఢంలో, మూఢాల్లో రెండు నెలల చొప్ప సాయం చేసి, నాల్బంద్‌ను పిలిపించి, టెటనస్ టీకా వేయించి, సర్రా పరీక్ష చేయిస్తే ఇరవై వేలకు మించదు. మగ గుర్రాలకు బీజం తీయించే ఆపరేషన్ కూడా అప్పుడే చేయించవచ్చు. ఆడ గుర్రం పదకొండు నెలలు మోస్తుంది. కట్టు లేకుండా వదిలిన ఒక మగ గుర్రం వల్ల షెల్టర్లో నోళ్లు పెరుగుతాయి. కొట్టినవాడిపై, పుండు మీద జీను వేసినవాడిపై కేసు పెట్టాలి, అందులో రాజీ లేదు. పేదరికంతో మేపలేనివాడిని ముద్దాయిని చేస్తే మాత్రం ఆ గుర్రం మనందరి ఖర్చవుతుంది, అతని బతుకూ పోతుంది.

2001 నాటి నియమాల ప్రకారం జిల్లా జంతు హింస నిరోధక సంఘానికి షెల్టర్ కట్టుకునే భూమిని ప్రభుత్వం చూపాలి. ఎకరం ఎక్కడైనా సరే, ముళ్లతీగ కంచె మాత్రం వద్దు. గుర్రం బెదిరి పరిగెత్తితే ఆ తీగ కాళ్లను చీల్చేస్తుంది, ఆ చీలికల్లోంచి టెటనస్ వస్తుంది. పైపులతోనో కర్రలతోనో అడ్డాలు కడితే చాలు.

రేటు నిర్ణయించే సమావేశానికి పశువైద్యుడితో పాటు ఒక సాయీసునూ, ఒక గుర్రపు యజమానినీ పిలవండి. మార్చిలో చొప్ప ధర, జూన్‌లో చొప్ప ధర ఒకటి కావు. కాబట్టి ఏడాదికి రెండుసార్లు, యాసంగి కోతల తర్వాత ఒకసారి, వానాకాలం ముందు ఒకసారి ఆ రేటును సవరించే వెసులుబాటు ఉత్తర్వులోనే పెట్టండి. ఈ ఏడాది ఆషాఢానికి ముందే మొదటి ఉత్తర్వు వస్తే ఆ నెలలో పట్టుబడే గుర్రాలకు పనికొస్తుంది.

ఇట్లు,
నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో గుర్రాల సంరక్షణ చూస్తున్న కార్యకర్తలు